ద్రాస్ వార్ మెమోరియల్‌కు వెళ్తున్నారా? ప్యాకేజీ, సొంత క్యాబ్, గైడ్... దేనికి డబ్బు పెట్టాలి

కశ్మీర్-లడఖ్ టూర్ ప్యాకేజీల్లో దాదాపు అన్నింటిలోనూ "దారిలో ద్రాస్ వార్ మెమోరియల్ సందర్శన" అని ఒక లైన్ ఉంటుంది. ఆ లైన్ కింద మీకు దక్కేది బండి దిగి నాలుగు ఫొటోలు తీసుకుని మళ్లీ ఎక్కేసే అరగంట కావచ్చు, తీరిగ్గా గడిపే రెండు రోజులూ కావచ్చు. అడ్వాన్స్ కట్టే ముందే ఈ సంగతి తేల్చుకోవాలి. 1999 కార్గిల్ యుద్ధంలో ప్రాణాలు ఇచ్చిన 527 మంది కోసం కట్టిన చోటు అది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అంత దూరం వెళ్లి, అక్కడ ఏం జరిగిందో తెలియకుండానే మనవాళ్లు తిరిగి వచ్చేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెమోరియల్ లోపల ప్రైవేట్ గైడ్ అవసరం లేదు. మీ కుటుంబానికి విడిగా ఒక క్యాబ్, ద్రాస్‌లో గానీ కార్గిల్‌లో గానీ ఒక రాత్రి బస, ఈ రెండింటికీ డబ్బు పెట్టండి. ఇంకా వీలుంటే మర్నాడు ఆ చుట్టుపక్కల తిరగడానికి స్థానికుణ్ని గైడ్‌గా పెట్టుకోండి. వరస ఇలాగే ఎందుకుండాలో వివరంగా రాస్తాను.

అక్కడ ఉచితంగానే దొరికేది

మెమోరియల్ ద్రాస్ ఊరు దాటాక కార్గిల్ వైపు ఐదారు కిలోమీటర్ల దూరంలో, శ్రీనగర్-లేహ్ హైవే పక్కనే ఉంటుంది. కట్టింది ఆర్మీ, చూసుకునేదీ ఆర్మీయే. టికెట్ లేదు. గేటు దగ్గర ఐడీ కార్డు చూపించాలి కాబట్టి ఆధార్ చేతిలో ఉంచుకోండి. లోపల అమరుల పేర్లు చెక్కిన ఇసుకరాతి గోడ, అమర జ్యోతి, పెద్ద జాతీయ జెండా, కెప్టెన్ మనోజ్ పాండే పేరు మీద ఫొటోలు, ఆయుధాలు ఉన్న గ్యాలరీ, మిగ్-21 విమానం ఉంటాయి. ఒక పక్కన వీర భూమి. అక్కడ అమరుల పేర్లతో రాళ్లు వరసలుగా ఉంటాయి. పేరు, బెటాలియన్ చదువుకుంటూ నడిస్తే ఆ ఒక్క చోటే చాలాసేపు పడుతుంది.

వీటన్నిటికంటే విలువైనది అక్కడి జవాన్లు చెప్పే వివరణ. కాస్త జనం పోగవగానే డ్యూటీలో ఉన్న జవాను ఒకరు ముందుకొచ్చి, చెయ్యెత్తి ఒక్కో శిఖరాన్నీ చూపిస్తూ ఏ రాత్రి ఏ దళం ఎటువైపు నుంచి ఎక్కిందో చెబుతారు. పైసా తీసుకోరు. ఈ యుద్ధం గురించి ఆ చోట నిలబడి ఇంతకంటే నమ్మకంగా చెప్పగలిగేవాళ్లు దొరకడం కష్టం. చిక్కల్లా టైమే. గ్రూప్ టూర్‌లో వెళ్తే, ఆ వివరణ మొదలయ్యేసరికి బస్సు హారన్ కొడుతుంది.

అక్కడ నిలబడినప్పుడు తప్పకుండా గమనించాల్సింది ఒకటుంది. మీరు వచ్చిన హైవే మీ వెనకే ఉంటుంది. ఎదురుగా చెట్టూ చేమా లేని రాతి వాలు నిటారుగా లేచి ఉంటుంది. అదే టోలోలింగ్. ద్రాస్ సముద్ర మట్టానికి సుమారు 3,280 మీటర్ల ఎత్తులో ఉంటే, టోలోలింగ్ వరసలోని పాయింట్ 4590 పేరే దాని ఎత్తు చెబుతుంది, 4,590 మీటర్లు. అంటే మీ తలపైన దాదాపు 1,300 మీటర్లు. అక్కడ కూర్చున్న శత్రువుకి హైవే మీద కదిలే ప్రతి లారీ కనిపించేది. గురి చూసి గుండ్లు వేయించేవాడు. లేహ్‌కీ, సియాచిన్‌కీ సరుకులు చేరవేసే దారి ఇది. అందుకే ముందు టోలోలింగ్ మీదే అంత పట్టు పట్టారు. పగలు ఎక్కితే దాక్కోవడానికి ఒక్క పొద కూడా లేదు. రాత్రుళ్లు ఎక్కారు. మొదట 18 గ్రెనేడియర్స్ బెటాలియన్ వారాల తరబడి ప్రయత్నించి ఎంతోమందిని పోగొట్టుకుంది. చివరికి జూన్ 12-13 రాత్రి 2 రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్ టోలోలింగ్‌ని పట్టుకుంది. ఇదంతా పుస్తకంలో చదివితే పేర్లూ తేదీలే. ఆ వాలు కింద నిలబడి మెడ ఎత్తి చూస్తే మాత్రం, బరువు మోసుకుంటూ, పలచని గాలిలో, పైనుంచి తూటాలు వస్తుండగా ఎక్కడమంటే ఏమిటో ఒళ్లంతా తెలుస్తుంది.

2 రాజ్‌పుతానా రైఫిల్స్ అంటే హైదరాబాద్ వాళ్లకు ఒక పేరు గుర్తు రావాలి: మేజర్ పద్మపాణి ఆచార్య. వాళ్ల కుటుంబం హైదరాబాద్‌లో ఉండేది. జూన్ 28న ద్రాస్ సెక్టార్‌లోనే పోరాడుతూ ప్రాణాలు ఇచ్చారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. గోడ మీద ఆ పేరు వెతకండి. పిల్లలతో వెళ్తే వాళ్లచేత వెతికించండి. జవాన్లను అడిగితే ఆ దాడి జరిగిన దిక్కు కూడా చూపిస్తారు.

నాలుగు దారులు

శ్రీనగర్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడం. శ్రీనగర్‌లో హోటల్ వాళ్లు, క్యాబ్ వాళ్లు ఇది బాగా అమ్ముతారు. లగేజీ సర్దక్కర్లేదు, హౌస్‌బోట్ ఖాళీ చేయక్కర్లేదు కాబట్టి వినడానికి బాగానే ఉంటుంది. కానీ ద్రాస్ శ్రీనగర్ నుంచి దాదాపు 145 కిలోమీటర్లు, మధ్యలో 3,528 మీటర్ల జోజిలా కనుమ. రోడ్డు బాగుంటే ఒకవైపే ఐదారు గంటలు. జోజిలా దగ్గర ఒక్కోసారి వాహనాలను ఒకవైపు ఆపి ఇంకోవైపు వదులుతారు. కొండచరియ పడితే ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు. చీకటి పడకముందే కనుమ దాటాలన్న టెన్షన్‌తో డ్రైవర్ వాచీ చూస్తూనే ఉంటాడు. పన్నెండు గంటలు కారులో కూర్చుని మెమోరియల్ దగ్గర గంట గడపడం. ఇది నేను ఎవరికీ చెప్పను. పెద్దవాళ్లు ఉంటే అసలే వద్దు.

ఈ ప్లాన్‌లోనే ఇంకో మెలిక ఉంది. జోజిలాకు ముందు వచ్చే సోన్‌మార్గ్‌లో "జీరో పాయింట్" కోసం స్థానిక యూనియన్ బండ్లు ఎక్కిస్తారు. ఆ బండి జోజిలా దాటి మంచు దగ్గర ఆగి వెనక్కి తిప్పుకొస్తుంది. ద్రాస్ వరకు రాదు. మీ క్యాబ్ డ్రైవర్‌తో శ్రీనగర్‌లో బయల్దేరే ముందే "ద్రాస్ మెమోరియల్ గేటు దాకా నువ్వే తీసుకెళ్తావా, సోన్‌మార్గ్‌లో బండి మార్చాలా" అని నోటితో అడిగి, వాట్సాప్‌లో కూడా రాయించుకోండి.

పెద్ద గ్రూప్ ప్యాకేజీ. శ్రీనగర్ నుంచి లేహ్‌కి గానీ అటు నుంచి ఇటు గానీ టెంపో ట్రావెలర్‌లో తీసుకెళ్తారు. తలకు ఖర్చు తక్కువ. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే ప్యాకేజీల్లో వంటవాళ్లను వెంట తీసుకెళ్లేవీ ఉంటాయి కాబట్టి అన్నం, పప్పు, పెరుగు సమస్య ఉండదు. టూర్ మేనేజర్ తెలుగులోనే మాట్లాడతాడు. హిందీ రాని అమ్మానాన్నలకు ఇది చిన్న సుఖం కాదు. లోటు ఎక్కడంటే, మెమోరియల్ దగ్గర ఎంతసేపు ఆగాలో మీ చేతిలో ఉండదు. ముప్పై మందిలో ఇద్దరు తలనొప్పి అంటే అందరూ కదలాలి. గ్రూప్‌లోనే వెళ్లక తప్పకపోతే, "ద్రాస్‌లో కనీసం రెండు గంటలు" అని ఇటినరరీలో రాసి ఉన్న ప్యాకేజీనే తీసుకోండి. రాసి లేకపోతే ఆ రెండు గంటలు మీకు దొరకవు.

షేరింగ్ సుమోలు, బస్సులు. ఒంటరిగానో ఇద్దరు స్నేహితులుగానో వెళ్లే కుర్రాళ్లకు బాగుంటుంది. శ్రీనగర్-కార్గిల్ మధ్య సీటు లెక్కన బండ్లు తిరుగుతాయి. ద్రాస్‌లో దిగిపోయి, అక్కడి నుంచి మెమోరియల్‌కి స్థానిక బండి మాట్లాడుకోవచ్చు. అన్నింటికంటే చవక. బండి నిండేదాకా ఆగాలి, తిరుగు బండి దొరుకుతుందో లేదో చూసుకోవాలి. టైమ్ చేతిలో ఉన్నవాళ్లకు ఇది నిజంగా మంచి దారి. బైక్ మీద వెళ్లేవాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పాల్సింది లేదు, వాళ్లు ఎలాగూ ఆగుతారు.

నాలుగోది, నేను ముందు చెప్పినది: మీకోసం విడిగా ఒక క్యాబ్, దారిలో ఒక రాత్రి. శ్రీనగర్‌లో పొద్దున్నే బయల్దేరండి. 2025 జనవరిలో సోన్‌మార్గ్ టన్నెల్ తెరిచాక గగన్‌గీర్ దగ్గర దారి మూసుకుపోయే పాత చిక్కు చాలా తగ్గింది. జోజిలా మీద తొందర పెట్టకండి. పాకిస్తాన్‌తో మొదటి యుద్ధంలో, 1948 నవంబర్ 1న జనరల్ తిమ్మయ్య నాయకత్వంలో 7వ లైట్ కావల్రీ ట్యాంకులు ఎక్కిన కనుమ అది. అంత ఎత్తుకి ట్యాంకులు వస్తాయని అవతలివాళ్లు ఊహించలేదు. ద్రాస్, కార్గిల్ మళ్లీ మన చేతికి వచ్చింది ఆ విజయం వల్లే. మధ్యాహ్నానికి ద్రాస్ చేరి భోంచేసి మెమోరియల్‌కి వెళ్తే సాయంత్రం దాకా మీదే. రాత్రి ద్రాస్‌లో ఉండొచ్చు, గదులు తక్కువ, సదుపాయాలు మామూలే. ఇంకో 60 కిలోమీటర్లు వెళ్తే కార్గిల్‌లో హోటళ్లు ఎక్కువ, పైగా ఎత్తు తక్కువ, సుమారు 2,700 మీటర్లు. పెద్దవాళ్లు, చిన్న పిల్లలు ఉంటే కార్గిల్‌లో పడుకోవడమే మేలు. మర్నాడు చుట్టుపక్కల చూసుకుని, ఆ తర్వాత లేహ్‌కి 215 కిలోమీటర్లు వెళ్లొచ్చు, లేదా వెనక్కి శ్రీనగర్ రావచ్చు.

ఖర్చు గ్రూప్ కంటే ఎక్కువే. నలుగురైదుగురు ఉంటే పంచుకోగా వచ్చే తేడా మరీ భయపెట్టేంతగా ఉండదు. క్యాబ్ రేట్లు అక్కడ ఎక్కువగా యూనియన్ చార్టు ప్రకారం నడుస్తాయి, ఏటా మారుతుంటాయి. అందుకే ఆన్‌లైన్‌లో కనిపించే పాత రేటు పట్టుకుని బేరమాడితే లాభం లేదు.

శ్రీనగర్ నుంచా, లేహ్ నుంచా

ద్రాస్ కోసమే వెళ్తుంటే శ్రీనగర్ నుంచే వెళ్లండి. దగ్గర, పైగా ఒంటికి మంచిది. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపు. అక్కడి నుంచి ద్రాస్, కార్గిల్ మీదుగా వెళ్తే శరీరం ఎత్తుకు అలవాటు పడుతుంది. లేహ్‌కి నేరుగా విమానంలో దిగితే ఒక్కసారిగా 3,500 మీటర్లు. మొదటి రెండు రోజులు గదిలో విశ్రాంతిగా ఉండాల్సిందే. ఆ తర్వాత ద్రాస్‌కి దాదాపు 275 కిలోమీటర్లు, మధ్యలో 4,108 మీటర్ల ఫోటులా కనుమ. లేహ్‌లో దిగి లడఖ్ అంతా చూసి, ద్రాస్ మీదుగా శ్రీనగర్ చేరి విమానం ఎక్కడం కూడా మంచి ప్లానే. అయితే ఆ చివరి రోజు అందరూ అలసిపోయి ఉంటారు, ద్రాస్ కాస్తా "ఇంకో స్టాప్" అయిపోతుంది. బీపీ, గుండె, ఆస్తమా ఉన్నవాళ్లు ఏ వైపు నుంచి వెళ్లినా ముందు డాక్టర్‌ని అడిగి వెళ్లాలి.

ఇంకో ముఖ్య విషయం, జమ్మూ కశ్మీర్ నంబరు క్యాబ్ మిమ్మల్ని లేహ్‌లో దించగలదు. కానీ అక్కడ నుబ్రా, పాంగాంగ్ లాంటి స్థానిక ట్రిప్పులకు లడఖ్ బండే మాట్లాడుకోవాలి. రెండు క్యాబ్‌ల లెక్క ముందే వేసుకోండి.

గైడ్‌కి డబ్బు ఎప్పుడు పెట్టాలి

మెమోరియల్ ఒక్కటే చూస్తే గైడ్ ఖర్చు దండగ అన్నాను కదా. దానికి రెండు మినహాయింపులు ఉన్నాయి.

ఒకటి భాష. జవాన్లు ఎక్కువగా హిందీలో చెబుతారు. మీ ఇంట్లో ఎవరికైనా హిందీ బాగా వస్తే పక్కన నిలబడి పెద్దవాళ్లకు తెలుగులో చెబితే చాలు. ఆర్మీలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, డ్యూటీలో ఒక తెలుగు జవాను ఉన్నా ఉండొచ్చు, మర్యాదగా అడిగి చూడండి. ఎవరికీ హిందీ రాకపోతే మాత్రం, హైదరాబాద్‌లోనే తెలుగు వచ్చిన టూర్ మేనేజర్‌ని మాట్లాడుకోవాలి. ద్రాస్‌లో తెలుగు గైడ్ దొరుకుతాడని ఆశ పెట్టుకోవద్దు.

రెండోది, మెమోరియల్ దాటి రణభూమి చూడాలనుకోవడం. నా దృష్టిలో ప్రైవేట్ గైడ్ అసలు పని ఇక్కడే. ద్రాస్ పక్కన ముష్కో లోయ ఉంది. కెప్టెన్ విక్రమ్ బత్రా జూలై 7న అమరుడైన పాయింట్ 4875 ఆ వైపే. కార్గిల్ దగ్గర నియంత్రణ రేఖను ఆనుకుని హుందర్‌మాన్ అనే ఊరు ఉంది. 1971 యుద్ధం దాకా పాకిస్తాన్ చేతిలో ఉండేది. పాత ఊరి రాతి ఇళ్లను ఇప్పుడు చిన్న మ్యూజియంగా చూపిస్తున్నారు. కార్గిల్ నుంచి సుమారు 55-60 కిలోమీటర్ల దూరంలో బటాలిక్. కెప్టెన్ మనోజ్ పాండే ప్రాణాలు ఇచ్చిన ఖాలుబార్ శిఖరం ఆ సెక్టార్‌లోదే, ద్రాస్‌లో కనిపించదు. తప్పిపోయిన జడల బర్రెను వెతుక్కుంటూ వెళ్లి చొరబాటుదారులను మొదట చూసిన తాషి నామ్‌గ్యాల్ ఊరు గార్కోన్ కూడా అటువైపే. ఇలాంటి చోట్లకు ఏ దారి ఆ రోజు తెరిచి ఉంది, ఏ చెక్‌పోస్టులో ఏం చూపించాలి, ఎక్కడ ఫోన్ బయటకు తీయకూడదు, ఇవన్నీ స్థానికుడికే తెలుస్తాయి.

గైడ్ ఎవరన్నదాన్ని బట్టి మీరు వినే కథ కూడా మారుతుంది. మాజీ సైనికులను వెంట పంపే ట్రిప్పులు కొన్ని ఉన్నాయి. దాడి ఎలా ప్లాన్ చేశారు, ఫిరంగులు ఎక్కడ పెట్టారు, సరుకు పైకి ఎలా చేరింది అన్నవి వాళ్లు చెబితేనే బాగుంటుంది. ద్రాస్, కార్గిల్ ఊళ్ల గైడ్ అయితే ఇంకో వైపు చెబుతాడు. ఆ వేసవిలో గుండ్లు పడుతుంటే ఊళ్లు ఖాళీ చేసిన సంగతి, స్థానికులు ఆర్మీకి పోర్టర్లుగా మందుగుండు, తిండి మోసుకెళ్లిన సంగతి మెమోరియల్‌లో మీకు తక్కువ వినిపిస్తాయి. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలంటే నేను ఊరి మనిషినే ఎంచుకుంటాను. సైన్యం కథ జవాన్ల నోట ఎలాగూ విన్నారు కదా.

బుక్ చేసే ముందు ఫోన్‌లో ఒకే ఒక ప్రశ్న అడిగి చూడండి: టోలోలింగ్ మీదకు మొదట వెళ్లింది ఏ బెటాలియన్, చివరికి పట్టుకున్నది ఏ బెటాలియన్? పైన రాశాను, జవాబు మీకు తెలుసు. తడబడితే అతను మీకు సినిమా సీన్లే చెబుతాడు. ఇంకో సంగతి, టోలోలింగ్‌నో టైగర్ హిల్‌నో ఎక్కిస్తానని సులువుగా మాట ఇచ్చేవాళ్లను నమ్మకండి. సైన్యం అనుమతి లేనిదే ఆ వైపు ఎవరూ వెళ్లలేరు. 2025 జనవరిలో రక్షణ శాఖ "భారత్ రణభూమి దర్శన్" పేరుతో వెబ్‌సైట్ మొదలుపెట్టింది. ఏ యుద్ధ క్షేత్రాలకు పర్యాటకులు వెళ్లొచ్చో, అనుమతులు ఎలాగో అందులో చూసుకుని, ఆపరేటర్ చెప్పినదానితో పోల్చుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు. చలికాలంలో జోజిలా మూసేస్తారు. ఇటీవల ముందుగానే తెరుస్తున్నా, కుటుంబంతో ఏప్రిల్‌లో వెళ్లడం అనవసరం. జూలైలో అమర్‌నాథ్ యాత్ర నడుస్తుంటుంది. బాల్తాల్ బేస్ క్యాంప్ ఈ దారిలోనే ఉంది కాబట్టి ట్రాఫిక్‌ని ఆపి వదులుతుంటారు. జూలై 26 కార్గిల్ విజయ్ దివస్ నాడే అక్కడ ఉండాలని చాలామందికి కోరిక. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. అయితే ఆ రెండు మూడు రోజులు అమరుల కుటుంబాలు, సైన్యాధికారులు, మంత్రులు వస్తారు. భద్రత గట్టిగా ఉంటుంది, గదులు దొరకవు, ప్రశాంతంగా నిలబడి ఒక్క పేరు చదవలేరు. ఆ రోజులు ఆ కుటుంబాలవి. మనం ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో వెళ్దాం. ఆకాశం తేటగా ఉంటుంది, శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

2025 మేలో ఉద్రిక్తతల వల్ల శ్రీనగర్, లేహ్ విమానాశ్రయాలు కొన్నాళ్లు మూసేశారు. అందుకే విమానం టికెట్లు, హోటళ్లు రద్దు చేసుకోగలిగేవే తీసుకోండి. రేటు కాస్త ఎక్కువైనా పర్వాలేదు.

మిగతావి చిన్నవే. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. వేసవిలోనూ ద్రాస్‌లో సాయంత్రం స్వెటర్ కావాలి. కొంత నగదు దగ్గర పెట్టుకోండి. ఆపరేటర్‌కి అడ్వాన్స్ పంపే ముందు నాలుగు మాటలు రాతపూర్వకంగా తీసుకోండి: మెమోరియల్ దగ్గర ఎంతసేపు ఆగుతారు, రాత్రి బస ఏ ఊళ్లో, బండి ఎక్కడైనా మార్చాలా, జోజిలా మూసేస్తే ఆ రోజు అదనపు ఖర్చు ఎవరిది. చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని ఆపరేటర్‌ని పక్కన పెట్టి ఇంకొకరికి ఫోన్ చేయండి.